బీ650నా, ఎక్స్570నా, హెచ్610నా: చిప్‌సెట్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

కంప్యూటర్ షాపు కౌంటర్ దగ్గర రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. ఒకటి, "ఏఎండీ బోర్డుల్లో యూఎస్‌బీ కట్ అవుతుంది సార్". రెండోది, "ఇంటెల్ చిప్‌సెట్ అయితే పదేళ్లు చూసుకోనక్కర్లేదు". చిప్‌సెట్ అంటే మదర్‌బోర్డు మీద యూఎస్‌బీ, డిస్కుల్లాంటి వాటిని ప్రాసెసర్‌తో కలిపే చిప్. బీ650, ఎక్స్570, హెచ్610 లాంటివి వాటి పేర్లే. ఆ రెండు మాటలకీ మూలం ఉంది. కానీ మొదటి మాట 2021 నాటిది. రెండో మాట 2011లో ఏం జరిగిందో మర్చిపోయిన వాళ్లు చెప్పేది.

చిప్‌సెట్ నమ్మకం గురించి వాదించేవాళ్లు సాధారణంగా మూడు వేర్వేరు జబ్బులను ఒకే గాటన కడతారు. ఒకటి చిప్ సిలికాన్‌లోనే ఉన్న లోపం. దానికి మందు లేదు, బోర్డు మార్చుకోవాల్సిందే. రెండు, బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డులో మొదట నడిచే సాఫ్ట్‌వేర్‌లో, లోపం. ఒక అప్‌డేట్‌తో పోతుంది. మూడు, చిప్ బాగానే ఉండి దాని చుట్టూ బోర్డు తయారీదారు పెట్టిన సరుకు నాసిరకం కావడం. ఇది కొనేముందే చూసుకోవాలి. కొత్త బోర్డు ఎంచుకునేటప్పుడు మీ డబ్బును కాపాడేది ఎక్కువగా ఈ మూడోదే. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న బీ, ఎక్స్, జెడ్‌లు దీని గురించి ఏమీ చెప్పవు.

చిప్పే దోషి అయిన సందర్భాలు

2011 జనవరి 31న ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్ల రవాణా ఆపేసింది. పీ67, హెచ్67 బోర్డులు మార్కెట్లోకి వచ్చి నెల కూడా కాలేదు. ఆ చిప్‌లో డిస్క్‌లు తగిలించే సాటా పోర్టులు ఆరుండేవి. 0, 1 నంబర్లవి 6 గిగాబిట్లవి, 2 నుంచి 5 వరకు 3 గిగాబిట్లవి. ఈ నాలుగు పోర్టులకు క్లాక్ అందించే సర్క్యూట్‌లో ఒక ట్రాన్సిస్టర్‌కు ఉండాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజీ అందేలా డిజైన్ అయిపోయింది. కొన్న రోజు అంతా బాగుంటుంది. వాడేకొద్దీ లీకేజీ పెరిగి డిస్క్‌లో ఎర్రర్లు మొదలవుతాయి, చివరికి పోర్టు డిస్క్‌ను గుర్తించడమే మానేస్తుంది. మూడేళ్ల వాడకంలో 5 నుంచి 15 శాతం వరకు ఇలా పోవచ్చని ఇంటెల్ అప్పట్లో లెక్కగట్టింది. మరమ్మతులు, మార్పిడికి 70 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని ప్రకటించింది. సరిచేసిన చిప్‌కు బీ3 స్టెప్పింగ్ (అంటే చిప్ డిజైన్ కూర్పు) అని పేరు.

ఈ కథకు ఇప్పటికీ పని ఉంది. సెకండ్ హ్యాండ్‌లో పీ67, హెచ్67 బోర్డు ఎవరైనా చూపిస్తే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో సౌత్‌బ్రిడ్జ్ (చిప్‌సెట్‌కు పాత పేరు) రివిజన్ చూడండి. 05 లేదా బీ3 అని ఉంటే సరే. 04 లేదా బీ2 అని ఉంటే డిస్క్‌లను 0, 1 పోర్టులకే తగిలించాలి. ఈ రెండూ చాలా బోర్డుల మీద మిగతావాటికంటే వేరే రంగులో ఉంటాయి.

2013లో 8 సిరీస్‌లోనూ ఓ చిన్న తప్పు దొర్లింది. సీ1 స్టెప్పింగ్‌లో కంప్యూటర్ స్లీప్ నుంచి లేచినప్పుడు కొన్ని యూఎస్‌బీ 3.0 పరికరాలు తెగిపోయేవి. డేటా పాడవలేదు కాబట్టి అంత గొడవ కాలేదు, సీ2తో సర్దుకుంది. ఇంకా వెనక్కి వెళ్తే 2001 ప్రాంతంలో వీఐఏ 686బీ సౌత్‌బ్రిడ్జ్, పెద్ద ఫైళ్లను ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కు పంపేటప్పుడు డేటాను పాడుచేసిన ఉదంతం ఉంది. ఇంటెల్ 865 బోర్డుల కాలం నాటి మెకానిక్‌లకు ఐసీహెచ్5 సౌత్‌బ్రిడ్జ్ పేరు చెబితే చాలు. ముందువైపు యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెట్టగానే స్టాటిక్ తగిలి చిప్ నడిమధ్యన కాలి మచ్చ పడేది.

గమనిస్తే, ఇంటెల్ 6, 8 సిరీస్‌ల్లో సిలికాన్ లోపం ఉన్నది చిప్ విడుదలైన తొలి నెలల్లో అమ్ముడైన సరుకులోనే. అందుకే కొత్త చిప్‌సెట్ వచ్చిన మొదటి నెలలోనే ఎగబడి కొనకుండా ఓ నాలుగు నెలలు ఆగడం ఏ బ్రాండ్‌కైనా వర్తించే ముందుజాగ్రత్త.

చిప్‌సెట్ మీద అనవసరంగా పడిన నిందలు

ఏఎండీ 500 సిరీస్ యూఎస్‌బీ సంగతి తీసుకోండి. వీఆర్ హెడ్‌సెట్లు, ఆడియో ఇంటర్‌ఫేస్‌లు, కీబోర్డులు ఒక్క క్షణం తెగి మళ్లీ వచ్చేవి. 2021 ఫిబ్రవరిలో ఏఎండీ ఒప్పుకుంది, ఏప్రిల్‌లో అజీసా (బయాస్‌లో ఏఎండీ రాసిచ్చే భాగం) 1.2.0.2 ఉన్న బయాస్‌లతో చాలామందికి నయమైంది. అప్పటిదాకా గ్రాఫిక్స్ స్లాట్‌ను పీసీఐఈ (కార్డులు, డ్రైవ్‌లు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) 4.0 నుంచి 3.0కి దించి నెట్టుకొచ్చారు. చిప్పే చెడిపోయి ఉంటే బయాస్ ఫైలుతో ఎలా బాగవుతుంది? ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోని భద్రతా భాగం) వల్ల కంప్యూటర్ అప్పుడప్పుడు ఒకటి రెండు సెకన్లు నత్తినత్తిగా నడిచిన సమస్యా అంతే. 2022లో అజీసా 1.2.0.7తో పోయింది. ఇప్పటికీ ఏఎం4 (ఏఎండీ పాత సాకెట్) బోర్డు మీద యూఎస్‌బీ తెగుతోందంటే మొదట బయాస్ తేదీ చూడండి. 2022 మధ్యకు ముందుదైతే వాదన అక్కడే ఆపి అప్‌డేట్ చేయండి.

ఇంకో నింద ఇంటెల్ జెడ్690, జెడ్790 బోర్డుల మీద పడింది. 13, 14 తరాల ఐ9, ఐ7 ప్రాసెసర్లతో గేములు క్రాష్ కావడం, షేడర్లు (గేముల్లో బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడు "వీడియో మెమరీ చాలదు" అని రావడం, జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు ఎర్రర్లు రావడం మొదలైతే చాలామంది బోర్డులు మార్చారు. అసలు జబ్బు ప్రాసెసర్‌లో ఉంది. మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి నియంత్రణ కోడ్) అడిగే వోల్టేజీ ఎక్కువై లోపలి సర్క్యూట్ అరిగిపోతోందని 2024లో ఇంటెల్ తేల్చింది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు ఇచ్చింది, బాక్స్ ప్రాసెసర్లకు వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్పటికే అరిగిన ప్రాసెసర్‌ను బయాస్ బాగుచేయదు. మార్పిడికి పెట్టాలి. బోర్డు మాత్రం అమాయకురాలు.

నెట్‌వర్క్ తెగడం కూడా చిప్‌సెట్ ఖాతాలోనే రాస్తారు. 2020లో జెడ్490తో వచ్చిన ఇంటెల్ ఐ225-వీ, 2.5 గిగాబిట్ల లాన్ చిప్, చిప్‌సెట్‌కు బయట ఉండే వేరే ముక్క. తొలి రివిజన్లు కొన్ని స్విచ్‌లతో 2.5 వేగంలో ప్యాకెట్లు పోగొట్టేవి. మూడో రివిజన్‌కు సరిదిద్దారు. డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ హార్డ్‌వేర్ ఐడీ చివర రెవ్ 03 ఉందేమో చూడండి. 01, 02 ఉంటే స్పీడును 1 గిగాబిట్‌కు కట్టేయండి, మన ఇళ్లలోని ఫైబర్ ప్లాన్లకు అదే ఎక్కువ. తర్వాతి ఐ226-వీలో లింకు మాటిమాటికీ పడిపోతుంటే ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్నెట్ అనే ఆప్షన్ ఆపేసి చూడండి.

ఏది ఎక్కడ వేలాడుతుంది

చిప్‌సెట్ పోతే ఏమేం పోతాయనేది ఇంటెల్‌లో ఒక రకం, రైజెన్‌లో ఒక రకం. ఇంటెల్ డెస్క్‌టాప్‌లో మామూలు యూఎస్‌బీ పోర్టులన్నీ, సాటా మొత్తం చిప్‌సెట్ నుంచే వస్తాయి. రైజెన్‌లో ప్రాసెసర్ లోపలే కొన్ని యూఎస్‌బీ పోర్టులు, ఒక ఎం.2 (చిన్న ఎస్ఎస్‌డీ స్లాట్) కోసం లేన్ల (డేటా దారుల) కట్ట ఉంటాయి. ఏఎం4లో ఏ300 పేరుతో వచ్చిన బోర్డులైతే చెప్పుకోదగ్గ చిప్‌సెట్టే లేకుండా ప్రాసెసర్‌తోనే నడుస్తాయి.

దీనివల్ల రైజెన్‌లో లోపం పట్టుకోవడం సులువు. వెనకవైపు నాలుగైదు పోర్టుల్లో కీబోర్డు పనిచేస్తూ మిగతావాటిలో తెగుతుంటే మాన్యువల్‌లో బ్లాక్ డయాగ్రామ్ పేజీ తీయండి. పనిచేసేవన్నీ సీపీయూ గీత కింద, చేయనివన్నీ చిప్‌సెట్ గీత కింద ఉంటే అనుమానం చిప్‌సెట్ వైపు తిరగాలి. రెండు గుంపుల్లోనూ తెగుతుంటే బయాస్, పవర్ సప్లై, విండోస్ పవర్ సెట్టింగ్ అన్న వరుసలో చూడాలి.

వేగానికీ ఇదే బొమ్మ ఆధారం. బీ650, బీ650ఈ, బీ850, ఎక్స్870 అన్నింట్లో ఉండేది ప్రొమొంటరీ 21 అనే చిప్ ఒక్కటే. ఎక్స్670, ఎక్స్670ఈ, ఎక్స్870ఈల్లో అలాంటివి రెండుంటాయి, రెండోది మొదటిదాని వెనక గొలుసులా తగిలి ఉంటుంది. రెండూ కలిసి ప్రాసెసర్‌ను చేరేది పీసీఐఈ 4.0 నాలుగు లేన్ల గుండానే, అంటే సెకనుకు సుమారు 8 గిగాబైట్లు. పోర్టులు పెరిగాయి తప్ప వాకిలి పెద్దది కాలేదు. పైగా ఉన్నదే ఆ చిప్ కాబట్టి ఎక్స్670ఈ చిప్ బీ650 చిప్ కంటే "గట్టిది" అనడం కుదరదు. ఒకటి ఎక్కువుంది, అంతే. ఇంటెల్ 1700 సాకెట్‌లో తేడా నిజంగా ఉంది: జెడ్790, హెచ్770లకు ఎనిమిది లేన్ల డీఎంఐ (చిప్‌సెట్‌ను ప్రాసెసర్‌తో కలిపే దారి), బీ760, హెచ్610లకు నాలుగు.

ఇక ఎంపిక

పాత ఏఎం4 ప్రాసెసర్ చేతిలో ఉండి బోర్డు మాత్రమే కావాలంటే బీ550 తీసుకోండి. ఎక్స్570 చిప్ రైజెన్ ప్రాసెసర్‌లో బయటి పరికరాలతో మాట్లాడే ముక్కకు, అంటే ఐఓ డైకి, దగ్గరి చుట్టం, సుమారు 11 వాట్లు తాగుతుంది. 2019లో వచ్చిన బోర్డులన్నింటికీ దాదాపుగా దాని మీద చిన్న ఫ్యాన్ ఉండేది. ఆ ఫ్యాన్ సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు కింద ఉంటుంది, కార్డు వదిలే వేడిగాలినే పీలుస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో, రెండేళ్ల దుమ్ముతో, బేరింగ్ గీక్కుంటూ తిరుగుతుంది, ఓ రోజు ఆగిపోతుంది. సెకండ్ హ్యాండ్ ఎక్స్570 కొంటుంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చిప్‌సెట్ ఉష్ణోగ్రత, ఫ్యాన్ ఆర్‌పీఎం రెండూ చూడండి. 60ల్లో ఉంటే మామూలే. 80 దాటి ఫ్యాన్ సున్నా చూపిస్తుంటే ఫ్యాన్, థర్మల్ ప్యాడ్ మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఫ్యాన్ లేకుండా వచ్చిన ఎక్స్570ఎస్‌కు ఈ బెడద లేదు. రెండు 4.0 ఎం.2 డ్రైవ్‌లను పూర్తి వేగంతో నడపాలనుకునేవాళ్లకే ఎక్స్570 అవసరం. బీ550లో రెండో ఎం.2 సాధారణంగా 3.0 వేగమే.

బీ450 కూడా చెడ్డదేం కాదు. చిప్‌సెట్ ఇచ్చే లేన్లు 2.0వి, అంతే. 5000 సిరీస్ ప్రాసెసర్ వేస్తే మాత్రం ముందు పాత ప్రాసెసర్‌తో బయాస్ ఎక్కించాలి, లేదా ప్రాసెసర్ లేకుండానే బయాస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు కావాలి.

ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లో కొత్తగా కట్టుకునేవాళ్లలో ఎక్కువమందికి బీ650, లేదా దొరికితే బీ850, సరిపోతుంది. ఎక్స్870లో యూఎస్‌బీ4 తప్పనిసరి చేశారు. దాని కోసం పెట్టిన అదనపు చిప్ ప్రాసెసర్ లేన్లను తీసుకుంటుంది కాబట్టి కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 నింపితే యూఎస్‌బీ4 సగమవుతుంది లేదా గ్రాఫిక్స్ స్లాట్ ఎనిమిది లేన్లకు దిగుతుంది. యూఎస్‌బీ4 డాక్ మీ దగ్గర లేకపోతే దానికి డబ్బు పెట్టడం దండగ. బీ840 పేరు చూసి బీ850కి తమ్ముడనుకోకండి, అది 3.0 కాలం నాటి పాత చిప్. ఏ620 ఆఫీసు పనికి ఓకే. కానీ హీట్‌సింక్ లేని వీఆర్ఎం (ప్రాసెసర్‌కు వోల్టేజీ అందించే భాగం) ఉన్న ఏ620 బోర్డు మీద 12 కోర్ల ప్రాసెసర్ పెట్టి వీడియో రెండర్ చేస్తే వేగం పడిపోతుంది, చిప్‌సెట్ వల్ల కాదు, పవర్ భాగం వేడెక్కి.

ఏఎం5లో రెండు విషయాలు గుర్తుండాలి. 2023లో ఎక్స్3డీ (అదనపు క్యాష్ మెమరీ ఉన్న) ప్రాసెసర్లు సాకెట్‌లో కాలిపోయిన ఘటనల తర్వాత ఎస్ఓసీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగం) వోల్టేజీని 1.3 వోల్టులకు పరిమితం చేస్తూ బయాస్‌లు వచ్చాయి. గోడౌన్‌లో మూలుగుతున్న పాత స్టాకు బోర్డులో ఆ బయాస్ ఉండకపోవచ్చు. ఎక్స్3డీ వేసే ముందే ఫ్లాష్ చేయించండి. రెండోది, డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రెయినింగ్‌కు నిమిషాలు పడుతుంది, స్క్రీన్ నల్లగా ఉంటుంది. బోర్డు డెడ్ అనుకుని మధ్యలో స్విచ్ కట్టేసి, మళ్లీ వేసి, మళ్లీ కట్టేసి షాపుకు మోసుకెళ్లేవాళ్లున్నారు. నాలుగు స్టిక్కులున్నప్పుడు ఓ పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి.

ఇంటెల్ 1700 సాకెట్‌లో టాలీ, బిల్లింగ్, బ్రౌజింగ్ పనులకు హెచ్610 చాలు. ఛానెల్‌కు ఒకటే మెమరీ స్లాట్, చిప్‌సెట్ లేన్లు 3.0వి. ఆ పనికి అంతకుమించి అవసరం రాదు. కానీ ఐ5 13400 దాటిన ప్రాసెసర్‌కు బీ760కి వెళ్లండి. ఇక్కడా కారణం చిప్‌సెట్ కాదు, హెచ్610 బోర్డుల్లో పవర్ భాగానికి తయారీదారులు ఖర్చు పెట్టరు. జెడ్790 అవసరమయ్యేది పేరు చివర కె ఉన్న ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకు (నిర్ణీత వేగం మించి నడిపేవాళ్లకు), నాలుగైదు డ్రైవ్‌లతో వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు. అది తీసుకుంటే 2024 సెప్టెంబరు తర్వాతి బయాస్ లేకుండా ప్రాసెసర్ పెట్టొద్దు.

ఇక సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో గానీ, ఊళ్లో షాపుల్లో గానీ "కొత్త" హెచ్61, హెచ్81 బోర్డులు చవగ్గా కనిపిస్తాయి. ఎన్‌వీఎంఈ (వేగవంతమైన ఎస్ఎస్‌డీ) స్లాట్ కూడా ఉంటుంది. హెచ్61 అన్నది 2011 నాటి చిప్. ఇన్నేళ్ల తర్వాత కొత్త బోర్డు మీదకు వచ్చిందంటే చాలావరకు పాత బోర్డు నుంచి ఊడదీసి, కింది సోల్డర్ బంతులు మళ్లీ వేసి అతికించిన చిప్పే. మధ్యలో ఒకసారి ఊడదీసే వేడి, ఒకసారి అతికించే వేడి తిన్నది. ఆ చిప్‌కు 6 గిగాబిట్ల సాటా లేదు. ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అయ్యేది మార్చిన బయాస్ పుణ్యం. ఆ తరం ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చిప్‌సెట్ నమ్మకం గురించి నిజంగా భయపడాల్సిన చోటు ఇదొక్కటే. పాత ఐ3ని బతికించాలంటే దీనికంటే బ్రాండెడ్ కంపెనీ ఆఫీసు డెస్క్‌టాప్ నుంచి తీసిన ఒరిజినల్ బోర్డు మేలు.

మొదటి వారంలో చేయాల్సిన పరీక్ష

షాపు వాళ్లు మార్చి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ లోపు బోర్డును కష్టపెట్టాలి.

20 గిగాబైట్ల ఫైలు ఒకటి తీసుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ హ్యాష్‌ఫైల్ కమాండ్‌తో దాని షా256 విలువ (ఫైలు వేలిముద్ర లాంటిది) రాసుకోండి. దాన్ని ప్రతి యూఎస్‌బీ పోర్టు గుండా బయటి ఎస్ఎస్‌డీకి, అక్కడి నుంచి వెనక్కి కాపీ చేసి మళ్లీ విలువ తీయండి. ఒక్క అక్షరం మారినా ఆ దారిలో తేడా ఉంది. కానీ ముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడపండి. ర్యామ్ ఎర్రర్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది.

సాటా డిస్కులకు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ7 వరుస చూడండి, అది సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా పాడైన సందర్భాల) లెక్క. ఆ అంకె వెనక్కి తగ్గదు, కాబట్టి ఇవాళ ఎంతుందో రాసుకుని రెండు రోజుల తర్వాత పోల్చాలి. పెరుగుతుంటే మొదట కేబుల్ మార్చండి, ఎక్కువసార్లు అక్కడే ఆగిపోతుంది. కొత్త కేబుల్‌తోనూ పెరిగితే పోర్టు మార్చండి. పోర్టు మారగానే ఆగితే తప్పు బోర్డుదే.

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి వీయా-లాగర్ (WHEA-Logger) పేరుతో 17 నంబరు ఈవెంట్లు వెతకండి. పీసీఐఈ దారిలో సరిదిద్దుకున్న ఎర్రర్లవి. రోజుకు వందల్లో వస్తుంటే కార్డు తీసి స్లాట్ ఊది మళ్లీ పెట్టండి, రైజర్ కేబుల్ ఉంటే తీసేయండి, స్లాట్ వేగాన్ని ఒక మెట్టు దించండి. 129 నంబరు ఈవెంట్ వస్తుంటే డిస్క్ కంట్రోలర్ జవాబివ్వక రీసెట్ అయిందని అర్థం.

కరెంటు, పిడుగు, సాకెట్ మూత

మన దగ్గర చిప్‌సెట్లను చంపేది డిజైన్ లోపం కంటే వైర్ల మీదుగా వచ్చే కరెంటే. తొలకరి వర్షాల్లో మేడ మీదుగా వచ్చిన రాగి లాన్ వైరు పిడుగు ప్రభావాన్ని నేరుగా బోర్డులోకి తెస్తుంది. లాన్ చిప్‌తో ఆగితే అదృష్టం, పక్క గీతల గుండా చిప్‌సెట్ దాకా పాకితే బోర్డు స్విచ్ వేసినా మేల్కోదు. ఉరుములప్పుడు ప్లగ్ ఒక్కటే తీస్తే చాలదు, లాన్ వైరు కూడా తీయాలి. ఫైబర్ వచ్చినచోట కూడా ఓఎన్‌టీ (ఫైబర్ మోడెమ్) నుంచి పక్క ఇంటికో కింది అంతస్తుకో రాగి వైరు లాగి ఉంటే ఇదే ప్రమాదం.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఎర్తింగ్ లేదు. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలవండి, 3 వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. అలాంటి ఇంట్లో ప్రింటర్‌నో టీవీనో కంప్యూటర్‌కు తగిలించిన ప్రతిసారీ ఆ తేడా వోల్టేజీ యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టుల గుండానే దారి వెతుక్కుంటుంది. ఒక పోర్టు పోయిందని అనుమానం వస్తే కరెంటు తీసేసి, మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి యూఎస్‌బీ మధ్య రెండు పిన్నులను ఒక్కో పోర్టులో కొలవండి. అన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపించి ఒకటి సున్నాకు దగ్గరగా ఉంటే ఆ గీత లోపల షార్ట్ అయింది. పోర్టుకు టేపు అంటించి వాడుకోవచ్చు, కానీ వారంటీ ఉంటే ఆలస్యం చేయకండి.

వారంటీ అంటే ఇంకోటి. ఇంటెల్ 1700లోనూ, ఏఎం5లోనూ పిన్నులుండేది ప్రాసెసర్‌కు కాదు, బోర్డు సాకెట్‌లో. ఒక్క పిన్ను వంగినా సర్వీస్ సెంటర్ వాళ్లు వినియోగదారుడి తప్పని వెనక్కి పంపేస్తారు, చిప్‌సెట్ లోపం నిజంగానే ఉన్నా సరే. బోర్డు ఇచ్చేముందు సాకెట్‌ను దగ్గరగా, టార్చి పక్కనుంచి వేసి ఫోనుతో రెండు మూడు ఫొటోలు తీసుకోండి. ప్రాసెసర్ బిగించేటప్పుడు ఊడి వచ్చే నల్ల ప్లాస్టిక్ మూతను పారేయకుండా బోర్డు పెట్టెలోనే దాచండి. అది లేకుండా బోర్డు తీసుకోమని కౌంటర్‌లోనే చెప్పేవాళ్లు ఉన్నారు.